తుపాకీ స్టేషన్లో ఉంది, కంగారు పడకు

పార్వతీపురం

చిరంజీవి సుజాతకు, బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. "తాతగారి తుపాకీని పోలీసులకి ఎలా అప్పగించేశావు బాబాయ్, మాతో ఒక్క మాటైనా అనకుండా" అన్నావు. ఫోన్లో చెబుదామంటే సగం కోపంలో వింటావు, మిగతా సగం మీ తమ్ముడు డల్లాస్ నుంచి మధ్యలో దూరి మాట్లాడతాడు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. కలెక్టరేట్లో మెజిస్టీరియల్ సెక్షన్లో ఆయుధాల ఫైళ్లు చూసినవాణ్ణి, రిటైరైనా ఆ బుద్ధి పోలేదు. కాస్త ఓపికగా చదువు.

తుపాకీ ఎక్కడికీ పోలేదు. స్టేషన్లో డిపాజిట్లో ఉంది. నంబరు, బోరు, తూటాల లెక్క అన్నీ రాయించి రసీదు తీసుకున్నాను. అంత తొందరేమిటంటావా? లైసెన్సు నాన్నగారి, అంటే మీ తాతగారి, పేరు మీద ఉంది, ఆయనతోనే దానికీ చెల్లు. పొలమైతే తాత పేరున ఉన్నా మనం దున్నుకుంటూనే పాస్‌బుక్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. తుపాకీకి ఆ వెసులుబాటు లేదు. ఆయన కన్నుమూసిన దగ్గర్నుంచి అది బీరువాలో ఉంటే, బీరువా తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లు లైసెన్సు లేకుండా ఆయుధం పెట్టుకున్నవాళ్ల కిందే లెక్క. ఆ తాళం మీ అమ్మ దగ్గరుంది. 1959 నాటి ఆయుధాల చట్టంలో 21వ సెక్షను అని ఒకటుంది. ఇలాంటప్పుడు ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోగాని, లైసెన్సున్న డీలరు దగ్గరగాని అప్పగించాలని చెబుతుంది. అదే సెక్షను, వారసులు లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చనీ, లేదంటే అర్హత ఉన్నవాళ్లకి అమ్ముకోవచ్చనీ కూడా అంటుంది. అలాగని ఏళ్ల తరబడి వదిలేస్తే సర్కారు జప్తు చేసుకుంటుంది.

పెద్దకర్మకి వచ్చినప్పుడు కారు డిక్కీలో పెట్టుకుని వైజాగ్ తీసుకెళ్లిపోదామని నువ్వు అనడం నా చెవిన పడింది. దారిలో ఏ చెక్‌పోస్టులోనో ఆపి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

"వందేళ్ల పాతది, దానికి లైసెన్సెందుకు" అని మీ ఆయన అన్నాడట. ఈ మాట నా సర్వీసంతా విన్నాను, పెద్ద పెద్ద లాయర్ల నోటా విన్నాను. చట్టంలో 45వ సెక్షన్లో పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ దాని చివర ఒక మెలిక ఉంది. బాగు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. మనది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, రెండు గొట్టాలూ పేలతాయి. వయసెంతైనా దానికి లైసెన్సు కావాల్సిందే. ఇది విని ఏ కమ్మరి చేతో గొట్టం కోయించి షోకేసులో పెడదామనుకునేవు. గొట్టం పొట్టి చేయడం కూడా విడిగా ఒక నేరమే.

నీ ఆఫీసులో కూర్గు అమ్మాయి "మాకు లైసెన్సే అక్కర్లేదు" అందన్నావు. ఆమె చెప్పింది నిజమే. అక్కడి కొడవ జాతివాళ్లకీ, జమ్మా అనే వంశపారంపర్య భూముల హక్కుదారులకీ బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న మినహాయింపు అది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. మన్యం అంచున ఉన్నంత మాత్రాన మనకి వర్తించదు.

ఇక దరఖాస్తు సంగతి. 2016 నాటి ఆయుధాల రూల్సులో వారసులకి లైసెన్సు ఇచ్చే దారి ఉంది. ఏ-1 ఫారం, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితాలు, ఆపైన పోలీసు విచారణ. తుపాకీ జాగ్రత్తగా పట్టుకోవడం, దాచడం నేర్చుకున్నట్టూ చూపాలి. ఇరవై ఒక్క ఏళ్లు దాటి ఉంటే చాలు, ఆడా మగా తేడా లేదు. జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేటు ఉన్నచోట పోలీసు కమిషనరు ఇస్తారు. నువ్వుండేది వైజాగ్ గనుక నీకు కమిషనర్ ఆఫీసు. వాళ్లు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. మనవరాలివైనంత మాత్రాన అది నీ హక్కు అయిపోదు, అడిగే అర్హత మాత్రం వస్తుంది. ఇదే రూల్సులో, లైసెన్సుదారుకి డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకీ ఇరవై ఐదేళ్లు చేతిలో ఉన్నా, బతికుండగానే వారసుల్లో ఒకరి పేరు చెప్పే వీలుంది. నాన్నగారితో ఎన్నోసార్లు అన్నాను. "నేను పోయాక మీరు కొట్టుకోవడం ఎలాగూ తప్పదు, ఇప్పట్నుంచే ఎందుకురా" అనేవారు.

వచ్చిందే అనుకో. ఐదేళ్లకోసారి రెన్యువల్, ఇల్లు మారితే అడ్రసు మార్పు. ఎన్నికలొస్తే డిపాజిట్ చేయమని కబురు రావచ్చు. ఒక మనిషికి రెండు తుపాకులే. ఇదివరకు మూడుండేవి, 2019 సవరణతో రెండయ్యాయి, వారసత్వంగా వచ్చినదైనా ఆ రెండింట్లోకే వస్తుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు నీకు. తుపాకీ ఒకచోట, తూటాలు ఒకచోట, రెండు తాళాలు, ఆ తాళాలు ఎక్కడున్నాయో నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఇది ఒకరోజు శ్రద్ధ కాదు తల్లీ, పిల్లలు పెద్దయ్యేదాకా మోయాల్సిన పని.

తుపాకీ గురించి కూడా కొంచెం తెలుసుకో. దాన్ని దగ్గరగా చూసి ఉంటే గొట్టం మీద నీటి అలల్లా చారలు కనిపించి ఉంటాయి. డమాస్కస్ బ్యారెల్ అంటారు. ఇనుప, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి అతికించిన గొట్టం. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. ఆ గొట్టాలు నల్ల తుపాకీమందు రోజుల్లో పుట్టినవి. ఇప్పటి తూటాల్లో ఉండేది పొగరాని మందు, అది పుట్టించే ఒత్తిడి తీరు వేరు. పైగా అతుకుల లోపల తుప్పు పట్టినా బయటికి కనిపించదు. నిన్నటిదాకా పేలిన గొట్టం ఒకరోజు ఎడమచేతి వేళ్ల దగ్గర చీలిపోతుంది. తుపాకీ మడిచి గొట్టాల అడుగు చూస్తే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసు ముద్రలున్నాయి. 1813 నుంచి అక్కడ ప్రతి గొట్టాన్నీ ఎక్కువ మందు పోసి కాల్చి పరీక్షించి ముద్ర వేసేవారు. కొత్త మందుకి తట్టుకుంటుందని తేలితే 1904 తర్వాత కిరీటం కింద ఎన్‌పీ అని కొట్టేవారు. మన తుపాకీకి ఆ ముద్ర లేదు. కాబట్టి లైసెన్సు వచ్చినా దాన్ని కాల్చకు. దసరాకి ఆయుధపూజలో పెట్టి బొట్టు పెట్టుకో, అంతవరకే. పూజయ్యాక గాల్లోకి ఒకటి పేల్చడం మన బంధువుల్లో కొందరికి సరదా. పదిమందికి ప్రమాదం తెచ్చేలా అలా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

తాతగారు పులిని కొట్టారన్న కథ నువ్వు చిన్నప్పట్నుంచి విన్నావు. నేనూ విన్నాను. లైసెన్సు పుస్తకంలో మాత్రం పంట రక్షణకని ఉంది. నేను చూసినంతలో అది అడవిపందుల మీదకి పేలింది, అదీ ఎక్కువగా చప్పుడు కోసమే. అసలు ఆ తుపాకీ మన ఇంటికి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పరు. 1878లో వైస్రాయ్ లిట్టన్ దొర తెచ్చిన చట్టంతో ఈ దేశంలో తుపాకీ పట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. సర్కారు నమ్మినవాళ్లకే అది దొరికేది. మీ ముత్తాత మునసబు, శిస్తు వసూలు చేసి కట్టేవాడు, ఆయనకి దొరికింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. మన్యంలో వాళ్లు తుపాకీ కోసం ప్రాణం ఒడ్డితే, మైదానంలో మనకి కాగితం మీద ముద్ర వేసి ఇచ్చారు. ఇందులో గర్వపడాల్సింది నాకైతే పెద్దగా కనిపించదు. 1984లో మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాక నాన్నగారి పెద్దరికంలో మిగిలింది ఆ తుపాకీ ఒక్కటే. అందుకే దాన్ని అంత శ్రద్ధగా తుడిచేవారని నా అనుమానం. నువ్వు హాల్లో గోడకి తగిలిస్తానంటున్నది దీన్నే, తెలిసి తగిలించు.

గోడ అంటే గుర్తొచ్చింది. ఊళ్లో హాల్లో ఉన్న దుప్పి కొమ్ములు కూడా నువ్వే తీసుకుంటానన్నావట. వాటిని ముట్టుకోకు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటికి ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉండాలి. 2003లో ప్రకటించుకోమని గడువిచ్చినప్పుడు నాన్నగారు కాగితం పెట్టారో లేదో వెతకాలి. దొరక్కపోతే ఫారెస్టు వాళ్లతో నేనే మాట్లాడతాను.

మీ తమ్ముడికి చెప్పు, తుపాకీ డల్లాస్ వెళ్లదు. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుని ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదని 1972లోనే ఇంకో చట్టం వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, గుర్తుగా ఒక తూటా జేబులో వేసుకుంటానని వాడు నవ్వుతూ అన్నాడు. ఎయిర్‌పోర్టు స్కానర్ ముందు ఆ నవ్వు పనికిరాదు. బ్యాగులో ఒక్క తూటా ఉన్నందుకు విమానం పోగొట్టుకుని స్టేషన్లో కూర్చున్నవాళ్లు ఎందరో. తూటాకీ లైసెన్సు కావాల్సిందే.

వద్దనుకుంటే దానికీ దారులున్నాయి. డీలరుకో, లైసెన్సున్న మనిషికో అమ్మొచ్చు. మ్యూజియానికి ఇద్దామన్నావు. సాలార్‌జంగ్ లాంటి చోట ఆయుధాలకి ఒక గ్యాలరీయే ఉంది, అడిగి చూడొచ్చు. కానీ ఇలాంటి బర్మింగ్‌హామ్ జోడుగొట్టాలు ఊరికొకటి ఉంటాయి, పెద్దగా ఆశ పెట్టుకోకు. ఎవరూ తీసుకోకపోతే సర్కారుకే ఇచ్చేయడం. అందులో నామోషీ ఏమీ లేదు. నన్నడిగితే తుపాకీ వదిలేసి లైసెన్సు పుస్తకం ఉంచుకోమంటాను. అప్పటి రూలు ప్రకారం మూడేళ్లకోసారి పడిన ఒక సంతకం, ఒక ముద్ర, వయసుతో వణుకుతూ వచ్చిన నాన్నగారి చేవ్రాలు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఆఫీసులో అప్పగించమంటే ముందు ప్రతి పేజీ ఫోటో తీసిపెట్టు.

నా వంతు అభ్యంతరం లేని కాగితం మీద సంతకం చేసి ఉంచాను. మీ అత్త కూడా పెడతానంది. మీ తమ్ముడిది మాత్రం అక్కడి మన కాన్సులేట్లో అటెస్ట్ చేయించి పంపాలి. దరఖాస్తు పెట్టేదీ మానేదీ మీ ఆయనతో, ముఖ్యంగా మీ అమ్మతో మాట్లాడి తేల్చుకో. దసరాకి వచ్చినప్పుడు కాగితాలు పట్టుకెళ్దువుగాని. ఈలోగా అమ్మని అటక మీద ఇనపపెట్టె ఒకసారి తీసి చూడమను. రసీదులో రాయించిన తూటాల కన్నా పుస్తకంలో కొన్నవి ఎక్కువున్నాయి. దొరికితే చేత్తో ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయమను, నేనే వచ్చి స్టేషనుకి కబురు చేస్తాను.

ఉంటాను,
మీ బాబాయి