అక్టోబరు నుంచి మోకాలి నొప్పి

సమస్య

మాది జగిత్యాల దగ్గర పల్లె. దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపర్‌గా పనిచేస్తున్నాను. వయసు 39. భార్య, ఇద్దరు పిల్లలు ఊళ్లోనే ఉంటారు. నేను మన్సూరాలో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

మా బాపుకు షుగర్ ఉంది. రెండు మోకాళ్ళూ అరిగి కట్టె పట్టుకుని నడుస్తాడు. నాకు కూడా షుగర్ అంచున ఉందని రక్తపరీక్షలో తేలినప్పుడు భయపడి నడక మొదలుపెట్టాను. నడక మెల్లగా ఉరుకుడైంది. ఇప్పుడు అది లేకపోతే నాకు వారం గడవదు. శుక్రవారం తెల్లవారకముందే కార్నిష్‌కు పోయి సముద్రం పక్కన ఉరుకుతుంటే అప్పులు, ఓవర్‌టైమ్, ఇంటి బెంగ ఏవీ గుర్తుకు రావు.

ఎండాకాలమంతా కంపెనీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కొద్దికొద్దిగా ఉరికాను. ఒకటి రెండుసార్లు ఉమ్ అల్ సెనీమ్ పార్కులో ఏసీ ట్రాక్‌కు పోయాను. అక్టోబరులో చల్లబడగానే దోస్తులతో కలిసి దూరం బాగా పెంచాను. జనవరిలో జరిగే దోహా మారథాన్‌లో 21 కిలోమీటర్లకు పేరు కూడా ఇచ్చాను. ఆ అక్టోబరు నుంచే కుడి మోకాలు ముందువైపు, చిప్ప వెనక నొప్పి. ఉరికేటప్పుడు కన్నా మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. పికప్‌లో చాలాసేపు కూర్చుని దిగితే కాలు పట్టేసినట్టుంటుంది. వాపు లేదు.

గదిలో వాళ్లు ‘గుజ్జు అయిపోయింది, మీ బాపు లెక్కనే అయితవు, బంద్ చెయ్యి’ అంటున్నారు. షాపులో ఖరీదైన బూట్లు కొనమన్నారు. నేను ఉరికే ముందు నొప్పి మాత్ర వేసుకుని పోతున్నాను. ఆసుపత్రికి పోతే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపిస్తారేమోనని భయం. భార్యకు చెప్పలేదు. ఎమ్మారై తీయించుకోవాలా? ఉరుకుడు మానేయాలా?

– ఒక పాఠకుడు, దోహా

సలహా

మీ ఉత్తరం చదువుతూ అక్టోబరు దగ్గర ఆగాను. గల్ఫ్‌లో పరుగెత్తేవాళ్ల ఏడాది మన ఊళ్లలోలా ఉండదు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఖతార్ ప్రభుత్వమే నిషేధం పెట్టిన దేశం అది. ఆ నెలల్లో మీరు కొద్దిగా పరుగెత్తారు, అదీ బల్లపరుపు బెల్టు మీద. అక్టోబరులో గాలి చల్లబడగానే ఊపిరి తేలికైంది, గుండె ఎంత దూరమైనా పోదామంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకూ, కండరాలను ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలకూ, చిప్ప కింది భాగానికీ నెలలు పడుతుంది. ఆయాసం రాలేదు కదా అని మీరు దూరం పెంచుకుంటూ పోయారు. మోకాలు దానికి ఇంకా సిద్ధంగా లేదు.

ఉత్తరంలో మోకాలు పట్టి చూడలేను కాబట్టి ఇదే జబ్బని తేల్చి చెప్పను. కానీ చిప్ప వెనక నొప్పి, మెట్లు దిగేటప్పుడు పెరగడం, మోకాలు మడిచి కూర్చుని లేస్తే పట్టేయడం, వాపు లేకపోవడం, ఇవన్నీ కలిస్తే డాక్టర్లు ముందుగా అనుమానించేది ‘రన్నర్స్ నీ’ని. మెట్టు దిగేటప్పుడు చిప్ప మీద శరీర బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి పడుతుంది. మీది మూడో అంతస్తు. రోజూ ఎన్నిసార్లు దిగుతారో లెక్కేసుకోండి.

గుజ్జు సంగతి. పరుగెత్తితే గుజ్జు అరుగుతుందన్న మాట ఎంత పాతదో అంత గట్టిగా నమ్ముతారు. 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో ఉంటే, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందిలో ఉంది. పోటీల కోసమే ఏళ్ల తరబడి విపరీతంగా పరుగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. మీరు ఆ కోవలో లేరు. గుజ్జు అని మనం పిలిచే, కీలులోని మృదులాస్థికి రక్తనాళాలుండవు. అడుగు పడినప్పుడు నొక్కుకుని, లేచినప్పుడు విడివడుతూ కీలు ద్రవం నుంచే పోషణ తీసుకుంటుంది. కాబట్టి మానేయకండి. మీ బాపు మోకాళ్ళు మీ మోకాళ్ళకు జాతకం కావు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: మాత్ర వేసుకుని పరుగెత్తడం ఈ రోజే ఆపండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. చెమటతో ఒళ్లు ఎండిపోయినప్పుడు అది మరీ ప్రమాదం. దోహా గాలిలోని తేమకు చెమట ఎంత పోతుందో మీకే బాగా తెలుసు. పైగా షుగర్ అంచున ఉన్న మనిషి మూత్రపిండాలను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నొప్పి మీకిచ్చే ఒకే ఒక్క కొలబద్దను కూడా ఆ మాత్ర లాగేసుకుంటుంది.

ఆ కొలబద్ద ఎలా వాడాలంటే, సున్నా నుంచి పది దాకా అంకెలు అనుకోండి. పరుగులో నొప్పి రెండు, మూడు దగ్గర ఉండి, మర్నాడు పొద్దున మెట్లు దిగేసరికి మామూలైపోతే ఆ దూరం మీ మోకాలు మోయగలిగిందే. ఐదు దాటినా, మర్నాడు పెరిగినా ఆ దూరం ఎక్కువే, తగ్గించండి. ఇప్పటికి సగానికి తగ్గించి, రోజు విడిచి రోజు పరుగెత్తండి. మధ్యమధ్య నడవండి. అడుగులు చిన్నవి చేయండి. నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి, వేగం పెంచకుండా నూటికి ఐదు నుంచి పది అడుగులు ఎక్కువ పడేలా చూసుకోండి. నిమిషానికి 160 పడుతుంటే 170 దగ్గరికి రావాలి. కాలు ముందుకు చాచి మడమతో నేలను తన్నడం తగ్గి, మోకాలి మీద భారం చెప్పుకోదగినంత తగ్గుతుంది.

ఇక అసలు మందు బలం. తొడ ముందు కండరాలు, పిరుదుల పక్క కండరాలు రెండూ గట్టిపడాలి. గోడకు వీపు ఆనించి సగం వరకే కూర్చుని లేవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలు నిటారుగా లేపడం, తక్కువ ఎత్తు మెట్టు మీద మెల్లగా ఎక్కి ఇంకా మెల్లగా దిగడం. వారానికి మూడు రోజులు, కనీసం మూడు నెలలు. నొప్పి తగ్గగానే చాలామంది వదిలేస్తారు. వచ్చే అక్టోబరుకు మళ్లీ మొదటికే వస్తారు. అందుకే ఎండాకాలమంతా, పరుగు తగ్గిన రోజుల్లో కూడా ఇవి ఆపకండి. ఉమ్ అల్ సెనీమ్‌లో ఏసీ ట్రాక్ కిలోమీటరు పైనే ఉంది, వేసవిలో వారానికోసారైనా అక్కడ నేల మీద పరుగెత్తితే కాలికి అలవాటు పోదు. కొన్నాళ్లు గదిలో కింద బాసింపట్టు వేసుకుని తినకండి, కుర్చీ వాడండి.

బూట్లు కాలికి హాయిగా ఉంటే చాలు, అడుగు అరిగిపోతేనే కొత్తవి కొనండి. ఆ డబ్బు ఇంటికి పంపుకోండి. ఎమ్మారై ఇప్పుడే వద్దు. నొప్పే లేనివాళ్ల మోకాళ్ళలో కూడా అందులో చిన్నచిన్న మార్పులు కనిపిస్తాయి, చూసి బెంబేలెత్తడమే మిగులుతుంది. డి విటమిన్ మాత్రం పరీక్ష చేయించుకోండి. అంత ఎండ దేశంలో దాని లోపం చాలా మామూలు.

ఆసుపత్రి గురించి మీ భయం నాకు అర్థమైంది. రెసిడెన్సీ కోసం చేసే వైద్య పరీక్ష టీబీ లాంటి అంటువ్యాధుల కోసం, మోకాలి నొప్పి అందులోకి రాదు. హెల్త్ కార్డుతో మీకు కేటాయించిన ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఫిజియోథెరపీకి రాయమని అడగండి. దోహాలో ఆస్పెటార్ అని క్రీడా వైద్యానికి పేరుపడ్డ ఆసుపత్రి 2007 నుంచీ ఉంది, కానీ మీకు అంత దూరం పోవాల్సిన పని ఉండకపోవచ్చు. ఒకవేళ విశ్రాంతి అవసరమైనా, 2004 నాటి కార్మిక చట్టం ప్రకారం మూడు నెలల సర్వీసు దాటినవాళ్లకు డాక్టరు సర్టిఫికెట్ మీద మొదటి రెండు వారాలు పూర్తి జీతంతో సిక్ లీవు ఉంటుంది. మోకాలు వాచినా, మడత దగ్గర ఇరుక్కుపోయినా, నడుస్తుంటే జారిపోయినట్టయినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి పెట్టినా, ఎముక మీద ఒకచోట వేలు పెడితే ఓర్చుకోలేకపోయినా వారం ఆగకండి, వెంటనే చూపించుకోండి.

జనవరికి 21 కిలోమీటర్లు వద్దు. నిర్వాహకులను అడిగి పదికో, ఐదుకో మార్పించుకోండి. కుదరకపోతే ఈసారి వదిలేయండి. దోస్తుల ముందు చిన్నతనంగా ఉంటుందని రాయకపోయినా నాకు తెలుస్తూనే ఉంది. 2019లో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు దోహాలో జరిగినప్పుడు మీరు పరుగెత్తే ఆ కార్నిష్ మీదే, వేడికి భయపడి అర్ధరాత్రి పెట్టిన మహిళల మారథాన్‌లో 68 మంది బయలుదేరితే 28 మంది మధ్యలో ఆగిపోయారు. వాళ్లంతా తమ దేశాల తరఫున వచ్చినవాళ్లు.

మీ ఆవిడకు చెప్పండి. ఆమె దిగులుపడుతుందని దాస్తున్నారు, కానీ మీ గొంతులో తేడా ఆమెకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బాపుతోనూ మాట్లాడండి. అరిగిన మోకాళ్ళకు కూడా తొడ కండరాలు బలపడితే నొప్పి తగ్గుతుంది, జగిత్యాలలో డాక్టరును అడిగితే ఆయన వయసుకు తగిన వ్యాయామాలు చూపిస్తారు. మీకు శుక్రవారం ఉదయం ఏడు గంటలంటే ఊళ్లో తొమ్మిదిన్నర. పరుగు తగ్గించిన ఆ శుక్రవారాల్లో వీడియో కాల్ పెట్టుకుని మీరూ, బాపూ కలిసి వ్యాయామాలు చేయండి.