తీరం దగ్గర సముద్రమట్టం: ఉపగ్రహం కొలిచే తీరు

గౌతమి నుండి కోరింగ పాయ చీలే చోట వెలసిన యానాంలో, రేవు మెట్లపై నీరు ఎంతవరకు వచ్చిందో చూసి వరదను అంచనా కట్టడం పెద్దలకు అలవాటు. నడిసముద్రానికి మెట్లు లేవు. దాని మట్టాన్ని పైనుండి కొలిచే పద్ధతి 1992లో ప్రయోగించిన టోపెక్స్–పొసైడన్ ఉపగ్రహంతో స్థిరపడింది.

ఉపగ్రహం రాడార్ తరంగాన్ని కిందికి పంపుతుంది. అది నీటిని తాకి తిరిగి చేరే కాలాన్ని బట్టి దూరం తేలుతుంది. కక్ష్య ఎత్తు నుండి ఆ దూరాన్ని తీసివేస్తే నీటి ఎత్తు దక్కుతుంది. లెక్క ఇంతే, కాని ఒక్క సెంటీమీటరు తేడాకు కాలంలో వచ్చే భేదం సెకనులో వెయ్యి కోట్లవ వంతుకన్నా తక్కువ.

1993 నుండి ప్రపంచ సముద్రమట్టం సగటున ఏటా 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతున్నదని తేల్చినవి ఈ కొలతలే. చిక్కు ఒడ్డు దగ్గర మొదలవుతుంది. తరంగం నీటిపై చుక్కగా పడదు, కొన్ని కిలోమీటర్ల వెడల్పు గల వలయంగా పడుతుంది. తీరం చేరువలో ఆ వలయంలోకి ఇసుక దిబ్బలు, మడ అడవులు, అలలు లేని కయ్యలు చేరి తిరుగు తరంగాన్ని చెరుపుతాయి. గాలిలోని తేమ తరంగాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ తేమను కొలిచే పరికరానికి నేల వికిరణం అడ్డు తగులుతుంది. అందుచేత తీరప్రాంతపు కొలతలను చాలాకాలం పక్కన పెట్టేవారు. జనం నివసించే చోటే కొలత కరవు కావడం విచిత్రమే.

2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుండి ఎగిరిన భారత–ఫ్రెంచి ఉపగ్రహం 'సరళ్' ఈ లోటును కొంత తీర్చింది. (పేరే సరళం, పని కాదు.) దానిలోని ఆల్టికా పరికరం కా-బ్యాండులో పనిచేయడం వలన వలయం చిన్నదై, ఒడ్డుకు మరింత చేరువగా కొలవగలిగింది. చెడిన తరంగాలలో నీటి భాగాన్ని ఏరి మళ్లీ లెక్కగట్టే విధానాలు పాత సమాచారాన్ని సైతం కొంత దక్కించాయి.

అయినను ఉపగ్రహం ఇక్కడ చూసేది నీటినే, నేలను కాదు. గోదావరి డెల్టా ఒండ్రు నేల తన బరువుకు తానే కుంగుతుంది. ఎగువ ఆనకట్టల వలన దానిని పూడ్చే ఒండ్రు తగ్గింది. ఉదాహరణకు, నీరు 3 మిల్లీమీటర్లు పెరిగి నేల 2 దిగితే ఇంటి గడపకు తేడా 5. ఉపగ్రహ పటంలో కనబడేది 3. విశాఖపట్నం, చెన్నై రేవులలోని ఆటుపోటు కొలమానాలు నేలకు బిగించినవి గనుక రెంటినీ కలిపి చూపుతాయి, కాని ఆయా రేవుల నేలకు మాత్రమే. డెల్టా కుంగుబాటును డెల్టాలోనే జీపీఎస్ పరికరాలతో కొలవవలసి ఉంటుంది. కాలువ గట్టు ఎత్తును ఉపగ్రహ పటం ఒక్కదానిపై నిర్ణయిస్తే, ఆ 2 మిల్లీమీటర్లు ఏటా లెక్కకు బయటే మిగిలిపోతాయి.