కాన్పుకు ముందు కారులో రెండు రోజులు



కాన్పుకు ముందు దంపతులు కారులో వెళ్లివచ్చే చిన్న ప్రయాణానికి అనువైన కాలం నాలుగో నెల నిండినప్పటి నుంచి ఏడో నెల వచ్చేదాకా. వేవిళ్లు అప్పటికి చాలామందికి తగ్గుతాయి, పొట్ట ఇంకా నడుముకు బరువు కాదు, రాత్రి నిద్ర పడుతుంది. ఆ నెలల్లోనూ 18 నుంచి 20 వారాల మధ్య తీసే టిఫా స్కాన్ అయ్యాక బయల్దేరడం మరీ మంచిది. బిడ్డ అవయవాల ఎదుగుదలతో పాటు మాయ ఎక్కడ ఉందో ఆ స్కాన్‌లో తెలిసిపోతుంది. మాయ కిందికి ఉన్నవాళ్లు, రక్తస్రావం కనిపించినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, కవలలను మోస్తున్నవాళ్లు, మునుపు నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లు వైద్యురాలిని అడగకుండా ఊరు దాటకూడదు. ఆమె వద్దంటే ఆ మాటకు తిరుగు లేదు.

ఈ ప్రయాణం అవసరమా అనే ప్రశ్న పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో వస్తుంది. అవసరమే. తెలుగిళ్లలో తొలిచూలు ఆడపిల్లను శ్రీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్లడం ఇప్పటికీ చాలాచోట్ల ఉన్న ఆనవాయితీ. అక్కడే పురుడు, నీళ్లు పోయడం, ఉయ్యాలలో వేయడం అన్నీ జరుగుతాయి. తల్లీబిడ్డలు తిరిగి వచ్చేసరికి నెలలు గడుస్తాయి, ఇల్లు ముగ్గురిదవుతుంది. భార్యాభర్తలు ఇద్దరే, ఎవరి పిలుపూ లేకుండా కూర్చుని మాట్లాడుకునే రోజులు శ్రీమంతానికి ముందే దొరకాలి. కొత్తగా తల్లి కాబోయే మనిషికి భయాలుంటాయి, తండ్రి కాబోయే మనిషికీ ఉంటాయి. అవి బయటికి రావాలంటే తీరిక కావాలి. కాబట్టి ఈ రెండు రోజులను మొక్కుల యాత్రగానో, చుట్టాల పలకరింపుగానో మార్చకూడదు. తొవ్వలోనే ఉన్నారు కదా అని మరో రెండు గుళ్లు, ఒక మేనత్త ఇల్లు కలుపుకుంటే విశ్రాంతి అక్కడే పోతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు ఇంటి నుంచి ఎంత దూరం అన్నది ఒక్కటే లెక్క కాదు, కాన్పు ఆసుపత్రి నుంచి ఎంత దూరం అన్నది అసలు లెక్క. వరంగల్‌లో ఉండేవాళ్లకు హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, సీకేఎం, ఎంజీఎం ఆసుపత్రులు నగరంలోనే ఉన్నాయి. రెండు గంటల్లోపు తిరిగి నగరం చేరగల చోటే తగినది. ఆ లెక్కన నర్సంపేట వైపు పాకాల, ములుగు వైపు రామప్ప, లక్నవరం మిగులుతాయి. వాజేడు దగ్గరి బొగత జలపాతం, గోదావరి ఒడ్డున కాళేశ్వరం రెండూ చూడదగ్గవే. కానీ వంద కిలోమీటర్లు దాటిన దూరం, బొగత దగ్గర తడి బండలు, నడుమ తాడ్వాయి, ఏటూరునాగారం అడవి. వాటిని బిడ్డ నడక నేర్చాక చూసుకోవచ్చు. హైదరాబాద్ దారిలో యాదగిరిగుట్ట దగ్గరే అనిపిస్తుంది గానీ శని, ఆదివారాల్లో అక్కడ దర్శనానికి నిలబడాల్సి వస్తుంది, నిలబడడమే ఈ నెలల్లో కష్టం.

ఈ రెండు వైపుల్లో ములుగు దారి మేలు. వరంగల్ నుంచి జాతీయ రహదారి మీద ములుగు యాభై కిలోమీటర్లు. ఊరికి ముందు గట్టమ్మ గుడి దగ్గర బండ్లన్నీ ఆగుతాయి. కాళ్లు చాపుకోవడానికి కూడా అదే మొదటి మజిలీ. ములుగు దాటాక ఎడమకు తిరిగితే పాలంపేట, రామప్ప. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ రుద్రేశ్వరాలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి నిలిచినది ఆరడుగుల ఎత్తున నక్షత్రాకారపు అరుగు మీద. చెప్పులు కిందనే విడవాలి, పొద్దెక్కితే రాయి కాలుతుంది. అందుకని ఉదయం ఎనిమిదిలోపు చేరడం మంచిది. మెట్లు భర్త చేయి పట్టుకుని ఎక్కాలి. మండపం స్తంభాల చల్లదనంలో కూర్చుంటే తొందర తగ్గుతుంది, నల్లరాతి మదనికల మీది నగలు, మడతలు అప్పుడే కంటికి ఆనతాయి. గుడి దగ్గరే రామప్ప చెరువు ఉంది. ఆ కట్ట మీది గాలి కోసమైనా ఒక సాయంత్రం అక్కడ గడపాలి.

గోవిందరావుపేట మండలంలోని లక్నవరం కూడా కాకతీయుల కాలపు చెరువే, కొండల మధ్య సందులను కట్టలతో మూసి నీరు నిలిపారు. పర్యాటక శాఖ హరిత కాటేజీలు ఉన్నాయి. ముందే గది మాట్లాడుకుని మూడు సంగతులు అడగాలి: మెట్లెక్కే పని ఉందా, పాశ్చాత్య మరుగుదొడ్డి ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా. పడవ ఎక్కితేనే చేరగల దీవి మీది గది కన్నా కారు ఆగే ఒడ్డున ఉన్న గది మేలు, అర్ధరాత్రి అవసరం పడితే తేడా తెలుస్తుంది. వేలాడే వంతెన మీద జనం లేనప్పుడు నిదానంగా నడవవచ్చు, స్పీడ్ బోటు మాత్రం వద్దు. ఒక రోజు రామప్ప, ఒక రోజు లక్నవరం చాలు, నిజానికి ఏదో ఒక్కటి చాలు.

కాలం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. ఏప్రిల్, మే నెలల ఓరుగల్లు ఎండకు మామూలు మనిషే తట్టుకోలేడు. వానకాలంలో వాగులు పొంగుతాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, జంపన్నవాగు ఊళ్లను ముంచింది. దసరా దాటి సంక్రాంతి లోపు వారాలు అనుకూలం. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర ముందు వెనుక వారాల్లో ఇదే దారి బండ్లతో నిండిపోతుంది కాబట్టి ఆ రోజులు తప్పించాలి. గోదావరి ఇసుక లారీలూ ఈ దారినే నడుస్తాయి. చీకటి పడకముందే గమ్యం చేరడం, చీకటి పడకముందే తిరిగి రావడం నియమంగా పెట్టుకోవాలి.

కారులో గర్భిణి కూర్చోవలసిన తీరుకు పద్ధతి ఉంది. సీటుబెల్టు పొట్టకు ఒత్తుకుంటుందని వదిలేయడం చాలా ఇళ్లలో కనిపించే ప్రమాదకరమైన అలవాటు. కింది పట్టీ పొట్ట కిందుగా తొడల పైభాగాన, తుంటి ఎముకల మీదుగా పోవాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. పొట్ట మీద అడ్డంగా ఏ పట్టీ ఉండకూడదు. ముందు సీటును వీలైనంత వెనక్కి జరిపి నడుము వెనుక చిన్న దిండు పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఆపేయకూడదు. గర్భిణికి రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడవచ్చు. గంటన్నరకోసారి కారు ఆపి ఐదు నిమిషాలు నడవాలి, కూర్చున్నప్పుడూ పాదాలు ఆడిస్తుండాలి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదించడం నడిపేవాడి బాధ్యత. బయల్దేరే ముందు టైర్లలో గాలి, స్టెప్నీ, ఏసీ చూసుకోవడం కూడా అతని పనే.

దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. గర్భిణికి అది నేరుగా చేటు: మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు, కళ్లు తిరగవచ్చు. నీళ్లు తగ్గించే బదులు ఆగే చోట్లు ముందే అనుకోవాలి. ఇంటి నుంచి కాచి చల్లార్చిన నీళ్లు, పులిహోర, అరటిపళ్లు, పల్లీపట్టీ, సకినాలు తీసుకెళితే దారిలో ఆకలికి సరిపోతాయి. పెరుగన్నం మొదటి పూటకే. హోటల్లో వేడిగా వండి వడ్డించినదే తినాలి, కోసిపెట్టిన పళ్లముక్కలు, పానీపూరీ వద్దు. చెరువు చేపల పులుసు వేడివేడిగా తింటే తప్పు లేదు. అడవి వైపు దోమలెక్కువ, మలేరియా, డెంగీ గర్భిణికి మామూలు జ్వరాలు కావు. నిండు చేతుల బట్టలు, దోమతెర తప్పనిసరి.

తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు రాసిన కాగితం, రోజూ వేసుకునే ఐరన్, క్యాల్షియం మాత్రలు ఒకే సంచిలో చేతికి అందేట్టు ఉండాలి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఆగి ఆగి వచ్చే నొప్పులు, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు. ములుగులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, 108 ఉంది. అడవిలో సిగ్నల్ అందని చోట్లుంటాయి కాబట్టి వైద్యురాలి నంబరు కాగితం మీదా రాసుకోవాలి. ఎక్కడ ఉంటున్నారో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. ఆ ఒకరు పూటకోసారి ఫోన్ చేసి విసిగించకూడదు.

శుక్రవారం రాత్రి ఆఫీసు ముగించుకుని బయల్దేరే కన్నా శనివారం తెల్లవారుజామున లేచి, టిఫిన్ తిని వెళ్లడం మంచిది. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు పడుకుని, నాలుగింటికల్లా కారెక్కితే పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. సోమవారం సెలవు దొరికితే పెట్టాలి.


పెద్దమ్మ