గణనయంత్రమునందు తెలుగక్షరములు

కామాఠీపురాలో పెక్కు గల్లీలకు పేర్లు లేవు, సంఖ్యలే కలవు. మొదటి గల్లీ, రెండవ గల్లీ అని పదునాలుగవ గల్లీ వరకును లెక్కించుచు పోవుదుము. తెలంగాణమునుండి వచ్చి ఈ నగరమున రాళ్లు మోసి గోడలు కట్టిన కామాఠీల పేరు పేటకు నిలిచినది గాని, వారు కాపురముండిన వీథులకు అంకెలే దక్కినవి. చాల్‌లో నైనను అంతియే. ఉత్తరము తెచ్చువానికి ముందుగా కావలసినది ఖోలీ సంఖ్య. విద్యార్థులు ఈ సంగతిని మనస్సునందుంచుకొన్నచో, కంప్యూటరు తెలుగును ఎట్లు గుర్తించుచున్నదో గ్రహించుట సులభమగును.

కంప్యూటరునకు అక్షరములు తెలియవు. దానికి తెలిసినవి సంఖ్యలు మాత్రమే. కావున ప్రపంచమునందలి లిపులన్నిటిలోని ప్రతి అక్షరమునకును ఒక సంఖ్యను నిర్ణయించి యున్నారు. ఈ ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. దీని మొదటి ప్రతి 1991లో వెలువడెను. ఇందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఇంగ్లీషులోని పెద్ద ఏ అక్షరము సంఖ్య 65. మన 'జ' సంఖ్య 3100.

మరాఠీ చదువు మన పిల్లలకు ఇందొక వినోదము కలదు. మరాఠీ వ్రాయు దేవనాగరిలో 'జ'కు 2332 సంఖ్య. దానికి 768 కలిపినచో మన 'జ' వచ్చును. 'క'కును, 'మ'కును అట్లే 768 కలిపి చూడవచ్చును. భారతీయ లిపులన్నిటికిని ఒకే వరుస నుంచి 1988లో మన దేశమున ఇస్కీ అను క్రమమును ఏర్పరచిరి. యూనికోడ్ వారు దానినే అనుసరించిరి. ఒకే నమూనాపై కట్టిన రెండు చాళ్లలో మూడవ ఖోలీ మూడవ చోటనే యుండును గదా! దేవనాగరి వరుసలో మన హ్రస్వమైన 'ఎ' కారమునకు గూడ 2318 అను ఖోలీ ప్రత్యేకించి యున్నది. మరాఠీ వ్రాతలో దానితో పని లేదు.

ఇక మన లిపిలోని చిక్కునకు వత్తము. 'స్త్రీ' అనునది మన కంటికి ఒక్క అక్షరము. కంప్యూటరునకు అది ఆరు సంఖ్యలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము. ఈ భేదము గ్రహింపని ప్రోగ్రాము 'పేరు ఇరువది అక్షరములకు మించరాదు' అని నియమించినచో, తెలుగువాని పేరు నడుమ తెగిపోవును. ఫోనునకు వచ్చు చిన్న సందేశమునందును ఇదే న్యాయము. ఒక సందేశమున 140 బైట్ల చోటు కలదు. ఇంగ్లీషు అక్షరమునకు ఏడు బిట్లు చాలును గనుక 160 అక్షరములు పట్టును. తెలుగున ఒక్కొక గుర్తునకు పదునారు బిట్లు కావలెను గనుక 70 మాత్రమే పట్టును. పాఠశాలనుండి తెలుగున వచ్చు సందేశము రెండు మూడు ముక్కలగుటకు కారణ మిదియే.

చోటు అనునది ఒకప్పుడు ఎంత విలువైనదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. భారతదేశమున రూపొందింపబడిన మొదటి పెద్ద గణనయంత్రము ఈ నగరముననే, టాటా మౌలిక పరిశోధన సంస్థలో, 1960లో పనిచేయ నారంభించినది. జవహర్లాల్ నెహ్రూ 1962లో దానికి టిఫ్రాక్ అని పేరిడెను. దాని స్మృతి 2,048 పదములు. పదమునకు 40 బిట్లు. నేడు తెలుగు గుర్తు నొక్కదానిని దాచుటకు సాధారణముగా 24 బిట్లు వాడుదురు. లెక్క కట్టినచో ఆ యంత్రపు స్మృతి యంతయు ఖాళీచేసినను సుమారు 3,413 గుర్తులే పట్టును. మీరు చదువుచున్న ఈ వ్యాసములో సగభాగమునకు మించి అందు ఇమడదు!

సంఖ్యలు దాచుట యొక పని. వానిని మరల అక్షరములుగా తెరపై చూపుట మరొక పని. జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగు సంఖ్యలు, అనగా 3100, 3149, 3102, 3134, వచ్చినప్పుడు, ప్రోగ్రాము వానిని కలిపి 'జ్ఞా' అను ఒకే రూపముగా దిద్దవలెను. ఎప్పుడు కలుపరాదో తెలుపుటకు 8204 సంఖ్యగల మరొక గుర్తు కలదు. దానికి రూపము లేదు, వెడల్పు లేదు. 'సాఫ్ట్‌వేరు' అను మాటలో 'ట్' ప్రక్కన అది దాగియున్నది. తీసివేసినచో 'సాఫ్ట్వేరు' అని వకారము టకారము క్రిందికి దిగును.

2018 ఫిబ్రవరిలో ఈ కనబడని గుర్తే లోకమున గొప్ప అలజడి కలిగించెను. 'జ్ఞా' నడుమ, అనగా ఞకారమునకును దీర్ఘమునకును మధ్య, 8204 చేరిన ఐదు సంఖ్యల వరుస ఆపిల్ సంస్థవారి ఐఫోనునకు సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము తటాలున మూతపడెడిది. కొన్నియెడల ఫోనే మరల మరల మొదటికి వచ్చుచుండెడిది. కొందరు ఆకతాయిలు దానిని ఇతరులకు పంపి వేడుక చూచిరి. ఆ సంస్థ అదే నెల 19వ తేదిన సవరించిన ప్రతిని విడుదల చేసెను. అక్షరములను దిద్దు భాగమున స్మృతి చెడు లోపము కలదని తెలిపెను. ఒక ఖోలీవారి సామాను పొరుగు ఖోలీలో పడవేసినట్టిది ఆ లోపము.

'ఒక తెలుగక్షరము ఫోనును చెరచినది' అని పత్రికలు వ్రాసినవి. ఇది సరియైన మాట కాదు. జ్ఞానము, విజ్ఞానము అని మామూలుగా వ్రాసినప్పుడు ఏ హానియు లేకుండెను. అట్టి వరుసలే బెంగాలీలోను దేవనాగరిలోను గూడ అదే కీడు చేసినవి. దోషము లిపిది కాదు. ఆ లిపిని చాలినంత పరీక్షింపని పనిది.

ఈ పనికి ఇంజనీరింగు అను పేరు ఊరక రాలేదు. 1968లో జర్మనీలోని గార్మిష్ నగరమున సమావేశమైన నిపుణులు, ప్రోగ్రాముల రచన గూడ వంతెన కట్టినంత క్రమశిక్షణతో సాగవలెనను తలంపుతో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అను మాటను ప్రచారమునకు తెచ్చిరి. కట్టిన గోడకు మేస్త్రీ తూకపుగుండు వ్రేలాడదీసి చూచును. ప్రోగ్రాము వ్రాసినవాడును అట్లే పరీక్షలు వ్రాయవలెను. ఒకరు వ్రాసినది మరియొకరు చదువవలెను. దోషము కనబడినప్పుడు దిద్ది ఊరకుండక, ఆ దోషమునే పట్టు పరీక్ష నొకదానిని శాశ్వతముగా చేర్చవలెను. అయితే పరీక్ష వ్రాయువానికి తెలియని లిపి పరీక్షలోనికి ఎట్లు వచ్చును? మంచి పద్ధతులన్నియు ఇక్కడనే తడబడుచున్నవని నా యభిప్రాయము. ఇప్పుడు కృత్రిమ మేధ గూడ ప్రోగ్రాములు వ్రాయుచున్నది. వ్రాత వేగము హెచ్చినది. అది సరిగా ఉన్నదో లేదో చూచు భారమును అంతకంతకు హెచ్చుచున్నది.

తలిదండ్రులకు ఇందు సంబంధించిన మాట యొకటి. ఎల్లయ్య అను పేరును మరాఠీలో వ్రాసినప్పుడు 'ఎ' యొక్క హ్రస్వము పోవును. ఇంగ్లీషులో వ్రాయునప్పుడు ఒకడు మొదట ఇ అక్షరము పెట్టును, మరొకడు వై పెట్టును. రేషను కార్డున ఒక తీరు, పాఠశాల రిజిస్టరున ఒక తీరు, ఆధారున మరొక తీరు. గుమాస్తా చూచినచో మువ్వురును ఒక్కరే యని తెలిసికొనును. సంఖ్యకు సంఖ్యను పోల్చు ప్రోగ్రామునకు వారు ముగ్గురు వేర్వేరు మనుష్యులు. ఇది ప్రోగ్రాము వ్రాయువారు తీర్పవలసిన చిక్కే. అది తీరువరకు పిల్లవానిని బడిలో చేర్చునాడే ఇంగ్లీషు అక్షరముల వరుసను నిశ్చయించి, అన్ని కాగితములందును దానినే వ్రాయించుట మేలు. పదవ తరగతి పరీక్షకు నమోదు చేయునప్పుడు తొందరపడుటకంటె అది సులభము.

అక్షరములను దిద్దు ప్రోగ్రాములలో హార్ఫ్‌బజ్ అనునది యెల్లరకు తెరచియుంచబడినది. ఆండ్రాయిడ్ ఫోనులును, ఫైర్‌ఫాక్స్ వంటి విహారిణులును దానిని వాడుచున్నవి. తెలుగు ఒత్తు ఎక్కడైన తప్పుగా పడినచో, చూచినవారెవరైనను ఆ దోషమును వ్రాసి తెలుపవచ్చును. తెలిసినవారు సవరణనే పంపవచ్చును. తెలుగు, దేవనాగరి, ఇంగ్లీషు మూడు లిపులును ప్రతిదినము చదువు ముంబై తెలుగు బాలునికి ఇట్టి తప్పు కంటబడునంత త్వరగా ఇతరులకు పడుట అరుదు.

అభ్యాసము: మీ పేరును తెలుగున వ్రాసి, పొల్లులను గుణింతపు గుర్తులను విడదీసి, అందు ఎన్ని సంఖ్యలు కలవో లెక్కింపుడు. ఎల్లయ్యకు ఏడు. పిమ్మట 70 గుర్తుల సందేశమున మీ ఇంటి చిరునామా, చాల్ పేరుతోను ఖోలీ సంఖ్యతోను పూర్తిగా పట్టునో లేదో చూడుడు. పద్మావతి, లక్ష్మి, జ్ఞానేశ్వరి అను పేర్లలో దేనికి ఎక్కువ చోటు కావలెనో ముందుగా ఊహించి, తరువాత లెక్కింపుడు.