నడుము పట్టీ, భుజపు పట్టీ

మన చాకవేలు నుండి బాగేపల్లి మీదుగా బెంగళూరునకు పోవు మార్గమున, ఎలహంక దాటిన పిమ్మట జక్కూరు విమానక్షేత్రము కలదు. అది చిన్న విమానముల నెలవు. అట్టి విమానము ఎక్కినవారు మొట్టమొదట చేయవలసిన పని పట్టీలు, అనగా సీటు బెల్టులు, బిగించుకొనుట. ఇందలి కారణమును పిల్లలతోపాటు తల్లిదండ్రులును ఎరుగుట మేలని మేము తలంచుచున్నాము.

విమానము దేనికైనను తగిలి హఠాత్తుగా ఆగినను, అందలి మనుష్యుని శరీరము మునుపటి వేగముతోనే ముందునకు సాగును. దీనినే జడత్వమందురు. నడుము పట్టీ తుంటి ఎముకలను పట్టి యుంచును. కాని తలయు రొమ్మును ముందునకు వంగి ఎదుటి పలకకు కొట్టుకొనును. భుజపు పట్టీ ఆ లోపమును తీర్చును. అందుచేతనే అమెరికాలో 1978 జూలై 18 తరువాత తయారైన చిన్న విమానముల ముందరి ఆసనములకు భుజపు పట్టీ విధిగా ఉండవలెనని నియమించిరి. నడుము పట్టీ పొట్టమీద గాక, క్రిందుగా తుంటిమీద బిగువుగా ఉండవలెను.

1959లో వోల్వో కారులకు మూడుచోట్ల పట్టుగల పట్టీని సమకూర్చిన నిల్స్ బోలిన్, అంతకుముందు విమానముల ఆసనములను రూపొందించినవాడే. ఆ పట్టీయే నేడు మన కారులలోను ఉన్నది.

బిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకొందుమని కొందరందురు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనులో పదవవంతున ఆగినచో, 10 కిలోల బిడ్డ సుమారు 140 కిలోల బరువువలె చేతులను లాగును. ఏ తల్లి చేతులు ఆపగలవు? ఒకే పట్టీలో ఇరువురును ఇమిడినచో తల్లి బరువు బిడ్డనే నలుపును. కావున ప్రతి బిడ్డకును వయస్సునకు తగిన ఆసనమును, పట్టీని వేరుగా ఏర్పరుపవలెను. పెద్దలు బిగించుకొనుట చూచియే పిల్లలు నేర్చుకొందురు.