పసుపు ఊరి బడి నేర్పినవి

1. నమ్మకం ఉత్తర్వుతో రాదు.

1989లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) రాష్ట్రమంతా విస్తరించినప్పుడు ఆరు బోధనా సూత్రాలు మా టీచర్ల చేతికొచ్చాయి. చేస్తూ నేర్చుకోవడం, జట్టు పని, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడకు పెట్టడం... వాటిలో కాదనదగ్గది ఒక్కటీ లేదు. శిక్షణలో అందరం తలూపాం. బడికెళ్లాక గోడలు నిండాయి, పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. రాసింది మాత్రం నల్లబల్ల మీద ఉన్నదే, అదీ ఎవరికి వారే. తనిఖీకి వచ్చినవారు గోడలు చూసి వెళ్లారు. దాంతో కృత్యమంటే పైవాళ్లకు చూపించేదన్న అభిప్రాయం మాలో పాతుకుపోయింది. తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) వచ్చినా, స్నేహబాల కృత్య కార్డులు వచ్చినా, పిల్లలు కృత్యాలతో, అన్వేషణతో నేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పినా అది తేలిగ్గా వదల్లేదు.

2. పిల్లలకు తెలిసిన చోట మొదలుపెట్టండి.

నేను పనిచేసిన నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు తవ్వకాలు మొదలైతే బడిలో హాజరు పలచబడుతుంది. అలాంటి రోజుల్లో ఐదో తరగతికి భిన్నాలు చెబుతుంటే అందరూ తలలు వంచుకున్నారు. ఒకమ్మాయి మాత్రం, "ఐదు కిలోల పచ్చి పసుపు ఉడకబెట్టి ఎండబోస్తే కిలనే అయితది సారూ" అంది. ఐదో వంతు అనడం ఆమెకు రాదు గాని, లెక్క తెలుసు. కిరాణా కొట్టు తక్కెడ అడిగి తెచ్చాం. ఉడికిన కొమ్ములు బడి అరుగు మీద ఆరబోసి, రోజూ తూచి, పట్టిక రాశారు. మొదట్లో గబగబా తగ్గిన బరువు తర్వాత ఎందుకు నెమ్మదించిందని జట్లు వాదులాడుకున్నాయి. జవాబు చెప్పేయకుండా పక్కన నిలబడటం నాకు ఎంత కష్టమైందో! కృత్య బోధనలో ఉపాధ్యాయుడికి అసలు కష్టం అదేనంటాను, అట్టముక్కలు కత్తిరించడం కాదు.

3. పరీక్ష మారనిదే బోధన మారదు.

బట్టీ పట్టింది అడిగే ప్రశ్నపత్రం ముందు పెట్టి, ఆలోచించడం నేర్పమంటే మాస్టారు ఏం చేస్తారు? గైడే తెరుస్తారు.

4. వద్దనేవారి మాట పూర్తిగా వినండి.

మండల రిసోర్స్ పర్సన్‌గా తిరిగిన రోజుల్లో ఒక పెద్ద మాస్టారు లేచి, "ఐదు తరగతులకు నేనొక్కణ్నే. ఒక జట్టు దగ్గర కూర్చుంటే మిగతావారిని ఎవరు చూస్తారు?" అని అడిగారు. ఆయనకు ఆరు సూత్రాలు మళ్లీ చదివి వినిపించాను. ఆయన సోమరి కాదు. తండ్రులు గల్ఫ్‌లో, తల్లులు బీడీ చాటల ముందు ఉన్న ఊళ్లో, పిల్లవాడికి చదవడం రాకపోతే జనం నిలదీసేది ఆయన్నే. అలాంటి ప్రశ్నకే మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాకేంద్రంలో జవాబు వెతికారు. ఒకే గదిలో ఎవరి మెట్టు నుంచి వారు సాగేలా, టీచరు అవసరమైన జట్టు దగ్గరే కూర్చునేలా కార్డులు పేర్చారు. ఆ సంగతి ఆయనకు చెప్పి, ఒక పూట ఆయన బడిలో కూర్చుని ఉండాల్సింది. ఇప్పటికీ ఆ బాధ ఉంది. మీ స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలోనూ వెనక వరుసలో అలాంటి మాస్టారు ఒకరుంటారు. వీలు చూసుకుని ఆయన బడికి వెళ్లండి. రెండు తరగతులు మీరు చూసుకోండి, మూడు ఆయన చూసుకుంటారు.