నలుగురు డిజైనర్లతో తీరే పని కాదమ్మా

అనకాపల్లి

అమ్మలూ,

కంపెనీలో డిజైన్ సంస్కృతి తెచ్చే బాధ్యత నీకిచ్చారనీ, నలుగురు డిజైనర్లతో వేరే విభాగం పెడుతున్నావనీ రాశావు. చాలా సంతోషం తల్లీ. కానీ ఆ వేరే విభాగం దగ్గరే నాకు బెంగ పట్టుకుంది. మీ కిరాణా కొట్ల యాప్ వాడేవాళ్ళ ఇబ్బంది చూసే పని నలుగురికి అప్పజెబితే, మిగతావాళ్ళు ఆ పూచీ తమది కాదనుకుంటారు. జేర్డ్ స్పూల్ అనే అమెరికన్ నిపుణుడు ఎన్నో బృందాలను పరిశీలించి 2011లో రాసింది ఇదే: బృందంలో ప్రతి ఒక్కరూ ఆరు వారాలకోసారైనా 2 గంటలు, వాడేవాళ్ళను కళ్ళారా చూడాలి. నిపుణులు మాత్రమే చూసి వచ్చిన చోట డిజైన్ బాగుపడలేదు. ఎందుకంటావా? 'బటన్ కనబడటం లేదు' అని నివేదికలో రాస్తే ప్రోగ్రామర్‌కి అది సవాలక్ష పనుల్లో ఒకటి. బేరగాళ్ళు ఎదురుగా నిలబడి తొందరపెడుతుంటే కిరాణా కొట్టాయన ఆ బటన్ కోసం తడుముకోవడం చూశాడా, మర్నాడు ముందు దాన్నే సరిచేస్తాడు. బస్సు టికెట్లమ్మే రెడ్‌బస్ సంగతే చూడు. దాన్ని పెట్టిన ఫణీంద్ర సామా, ఆయన మిత్రులు మొదట బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఉచితంగా ఇస్తామన్నా వాళ్ళు పుచ్చుకోలేదు. ఆపరేటర్లకు కావలసింది సీట్లు అమ్మిపెట్టేవాళ్ళని, ఆ ఇంజనీర్లే తిరిగి తెలుసుకున్నారు. 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది.

మీ ఎం.డి. గారు అంత తీరిక ఎక్కడిదంటారేమో. అయిదుగురు వాడుతుండగా చూస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని జాకబ్ నీల్సన్ అనే మరో నిపుణుడు 2000లోనే రాశాడు. ఒక్క రోజు పని. ఏం కావాలో వాడేవాళ్ళకే తెలియదు కదా అనేవాళ్ళూ ఉంటారు. నిజమే, అందుకే అడగొద్దు, చూడమంటున్నాను. ఆఫీసులో పరీక్షిస్తే చాలదా అంటే, మన ఊరి చెరకు పరిశోధన కేంద్రాన్ని చూపించు. 1913 నుంచీ ఉన్న ఆ కేంద్రం కూడా తన మడిలో బాగా పండిందని కొత్త రకాన్ని వదిలెయ్యదు, మినీకిట్లుగా రైతుల పొలాల్లో వేయించి చూస్తుంది. రైతు నీళ్ళు, రైతు నేల వేరు కదా.

గదమాయిస్తున్నాననుకోకమ్మా. ఈ బరువంతా నువ్వొక్కదానివే మోసి, రాత్రిళ్ళు నిద్ర పాడుచేసుకుంటావేమోనని భయం. మొదటి విడత వెళ్ళేవాళ్ళలో ఎం.డి. గారి పేరు తప్పకుండా రాయి. ఆయన కదలకపోతే ప్రోగ్రామర్లూ కదలరు. ఏ కొట్లకు వెళ్ళాలో తేలకపోతే ఇటు పంపించు. బెల్లం మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో నేను మాట్లాడి పెడతాను. భోజనాలకు ఇంటికే రమ్మను, ఎంతమందో రెండు రోజుల ముందు చెబితే మీ అత్త వండుతుంది.

ఇట్లు
మావయ్య